చూసే లోపే మారిపోయే ఫైలు

నెల్లూరు తీరంలో రొయ్య ధర పూటపూటకీ మారుతుంది. ఇందుకూరుపేటలోనో ముత్తుకూరులోనో ఒక కుర్రాడు కౌంటువారీ, అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్యను బట్టి, ధరలను టెక్స్ట్ ఫైల్లో పెట్టుకుని, ప్రతి మార్పునూ, ఫైళ్ల పాత రూపాలను గుర్తుపెట్టుకునే వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ అయిన గిట్‌లో దాచే చిన్న స్క్రిప్టు రాసుకున్నాడనుకుందాం. వంద కౌంటు 230 అని రాసి ఫైలును గిట్‌కు అప్పగించాడు. అదే సెకనులో ఏజెంటు దగ్గర్నుంచి సవరణ వచ్చింది, 230 కాస్తా 240 అయింది. ఏమైనా మారిందా అని అడిగితే 2005 నాటి తొలి రోజుల గిట్ ఏమీ మారలేదనే చెప్పేది. ఫైలు మారిందో లేదో తేల్చడానికి అది లోపలి రాతను చదవదు; చివరిసారి మార్చిన సమయం, సైజు లాంటి పైపై గుర్తులు చూస్తుంది. వేల ఫైళ్లున్న చోట అన్నీ చదువుతూ కూర్చుంటే తెల్లారుతుంది మరి. ఇక్కడ సమయం అదే సెకను. సైజూ అదే, 230కీ 240కీ మూడేసి అంకెలే. తెలుగులో రాసుకున్నా గండం తప్పదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు కాబట్టి ‘ఆరు’ తీసి ‘ఏడు’ పెట్టినా తొమ్మిది బైట్లకు తొమ్మిది బైట్లే.

ఈ జాతి తప్పులను రేస్ కండిషన్లంటారు. ప్రోగ్రాము ఒక సంగతి చూసి, దాన్ని నమ్మి, ఆ తర్వాత పని చేస్తుంది. చూడటానికీ చేయడానికీ మధ్య ఒక సన్నటి సందు. ఆ సందులో ఇంకెవరో దూరితే చూసిన సంగతి అబద్ధమైపోతుంది, పని మాత్రం పాత నమ్మకం మీదే జరిగిపోతుంది. నెల్లూరు బస్టాండులో కిటికీలోంచి తుండుగుడ్డ విసిరేవాళ్లకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఖాళీ సీటును బయటి నుంచి చూసి, తలుపు దాకా నడిచి, తోసుకుంటూ ఎక్కేసరికి అక్కడ వేరొకరు కూర్చుని ఉంటారు. తుండు విసిరితే సీటు చూడటం, ఆపుకోవడం ఒకే దెబ్బకు అయిపోతాయి.

1996లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన మాట్ బిషప్, మైకేల్ డిల్గర్ యూనిక్స్ ప్రోగ్రాముల్లో ఫైళ్ల దగ్గర జరిగే ఈ రేసులను సోర్సు కోడులోనే పసిగట్టే పద్ధతిపై ఒక పత్రం రాశారు. ఒకే ఫైలును పేరు పెట్టి రెండుసార్లు పిలవడమే వాళ్లు వేలెత్తి చూపిన అసలు దోషం. మొదటి పిలుపులో అనుమతి ఉందా అని అడుగుతాం, రెండో పిలుపులో తెరుస్తాం. పేరు మారదు, పేరు వెనక ఉన్న ఫైలు మారిపోవచ్చు. వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రోజంతా చేసేది సరిగ్గా ఈ పనే. ఫోల్డర్లు తిరగేస్తుంది, పేర్లు చూస్తుంది, చూసినదాన్ని గుర్తుపెట్టుకుని తర్వాత రాస్తుంది. అదే సమయంలో అవే ఫైళ్ల మీద ఎడిటరు, యాంటీవైరస్, క్లౌడ్‌కు ఎక్కించే ప్రోగ్రాము, పక్క టెర్మినల్లో మరో కమాండు, అన్నీ చేతులు పెడుతుంటాయి. యాభై ఏళ్లకు పైబడిన ఈ రంగంలో ఈ సందును మూయడానికి జరిగిన ప్రయత్నాలన్నీ మూడు దారుల్లో పోయాయి. చూడటం, చేయడం అనే రెండు పనులను ఒకటిగా కలపడం మొదటిది. కలపడం కుదరని చోట తన గుర్తులను తానే అనుమానించడం రెండోది. కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించడం మూడోది. మొదటి రెండే పరిష్కారాలనీ, మూడోది కాలక్షేపమనీ నా అభిప్రాయం. అయితే ఆ కాలక్షేపం లేకపోతే విండోస్ మీద ఒక్క పూట కూడా గడవదన్నదీ నిజమే.

మనుషుల మధ్య పోటీ వేరు, ప్రోగ్రాముల మధ్య పోటీ వేరు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ రాసిన ఎస్‌సీసీఎస్, ఎనభైల మొదట్లో పర్డ్యూలో వాల్టర్ టిచీ రాసిన ఆర్‌సీఎస్ అనే వెర్షన్ కంట్రోల్ సాధనాలు మనుషులకు తాళం వేశాయి. ఒక ఫైలును ఒకరు దిద్దుతుంటే మిగతావాళ్లు ఆగాలి. తర్వాత వచ్చిన సీవీఎస్ ఆ తాళం తీసేసి, అందరూ దిద్దుకోండి, చివర్లో కలుపుకుందాం అంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో రాసినవాళ్లకు ఆ కలుపుకోవడం ఎలా ఉంటుందో తెలుసు. పేజీని తెరిచిన తర్వాత, భద్రపరిచే లోపు మరొకరు దిద్దితే మీడియావికీ రెండు మార్పులనూ కలపడానికి చూస్తుంది; కలవకపోతే దిద్దుబాటు ఘర్షణ అని చెప్పి రెండు పాఠాలనూ ముందు పెడుతుంది. మనిషి చూసి తేలుస్తాడు. మనుషుల పోటీకి ఇది చాలు. ప్రోగ్రాముల పోటీకి మధ్యస్థుడు ఉండడు, తగువు మిల్లీసెకన్లలో తేలాలి.

ఆ తగువు తీర్చడానికి ఆర్‌సీఎస్ ఎంచుకున్న ఉపాయాన్ని నలభై ఏళ్ల తర్వాత కూడా ఎవరూ పెద్దగా మార్చలేదు. మార్చవలసిన ఫైలును నేరుగా తాకదు. పక్కన ఇంకో పేరుతో కొత్త ఫైలు తెరుస్తుంది. ‘ఈ పేరుతో ఫైలు లేకపోతేనే సృష్టించు, ఉంటే విఫలమవు’ అని ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌ను ఒకే పిలుపులో అడుగుతుంది. ఫైలు వచ్చిందా, తాళం మనదే. కొత్త పాఠమంతా అందులో రాసి, చివర్లో దాని పేరును అసలు పేరుగా మారుస్తుంది. యూనిక్స్‌లో ఆ పేరు మార్పు ఒక్క క్షణంలో జరిగిపోయే పని. చదివేవాడికి పాత ఫైలు పూర్తిగా కనపడుతుంది లేదా కొత్తది పూర్తిగా కనపడుతుంది, సగం రాసింది ఎప్పటికీ కనపడదు. తాళం ఫైలూ కొత్త పాఠమూ ఒకటే కావడం ఇందులోని సొగసు.

సీవీఎస్ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. రిపోజిటరీలు, అంటే ఫైళ్ల చరిత్రంతా ఉండే చోట్లు, నెట్‌వర్క్ ఫోల్డర్లలో ఉండేవి. ఆ ఫోల్డర్లను పంచే పాత ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ‘లేకపోతేనే సృష్టించు’ అనే పిలుపు ఒక్క దెబ్బకు జరిగే పని కాదు, సర్వరు దాకా వెళ్లి వచ్చే లోపు సందు తెరుచుకునేది. అందుకని సీవీఎస్ ఫైలుకు బదులు తాళం పేరుతో ఒక ఫోల్డరు సృష్టించేది; ఫోల్డరు సృష్టి ఎన్‌ఎఫ్‌ఎస్ మీద కూడా ఒకరికే దక్కుతుంది. పట్టు దొరకనివాళ్లకు ఫలానా వారి తాళం కోసం ఎదురుచూస్తున్నానని తెర మీద వరుసగా వచ్చేది. తాళం ఫోల్డరుకొకటి, కమిట్ (మార్పులను చరిత్రలో చేర్చడం) పది ఫోల్డర్లలో. మధ్యలో ఆగిపోతే సగం మార్పులు లోపల, సగం బయట. సీవీఎస్ జీవితాంతం ఈ జబ్బుతోనే బతికింది.

దాన్ని నయం చేస్తామని 2000లో మొదలై, 2004లో తొలి పూర్తి వెర్షన్‌గా బయటికొచ్చిన సబ్‌వెర్షన్ చరిత్రనంతా బర్కిలీ డీబీ అనే డేటాబేసులో పెట్టింది. కమిట్ మొత్తంగా జరుగుతుంది లేదా అసలు జరగదు. కాగితం మీద బ్రహ్మాండం. ఆచరణలో, డేటాబేసును తెరిచిన ప్రోగ్రాము మధ్యలో చచ్చిపోతే అది పట్టుకున్న తాళాలు అలాగే బిగుసుకునేవి, రిపోజిటరీని రికవర్ చేసేదాకా ఎవరికీ పని నడిచేది కాదు. అదే ఏడాది వెర్షన్ 1.1లో మామూలు ఫైళ్లతో నడిచే ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఎస్ తెచ్చారు, 1.2 నుంచి అదే మామూలైంది. అందులో కొత్త కమిట్ తయారీ అంతా విడి ఫోల్డరులో తాళం లేకుండా సాగుతుంది. ఆఖరున ఒక్క క్షణం తాళం వేసి, తాజా వెర్షన్ సంఖ్య ఉన్న చిన్న ఫైలును పేరు మార్పుతో సరిచేస్తారు. మళ్లీ ఆర్‌సీఎస్ ఉపాయమే. డేటాబేసు దాకా వెళ్లి పేరు మార్పు దగ్గరికే తిరిగి రావడం నాకు ఈ చరిత్రలో బాగా నచ్చే మలుపు. మొదట్లో చెప్పిన ఒకే సెకను చిక్కు సబ్‌వెర్షన్‌కూ ఉండేది. దానికి చేసిన వైద్యం మాత్రం వట్టి నిద్ర. చెకౌటో అప్‌డేటో ముగిశాక గడియారంలో సెకను మారేదాకా ఆగి అప్పుడు కమాండు వదిలేది. మూడో దారికి ఇంతకంటే నిజాయితీగల ఉదాహరణ దొరకదు.

గిట్ ఆ నిద్రకు ఒప్పుకోలేదు. 2005 ఏప్రిల్‌లో బిట్‌కీపర్ అనే వెర్షన్ కంట్రోల్ సాధనపు ఉచిత వాడకం ఆగిపోవడంతో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ హడావుడిగా రాసుకున్న ఈ సాధనానికి వేగమే ప్రాణం. ఆ ఏడాది జులై నుంచి దాన్ని జూనియో హమానో చూసుకుంటున్నారు. గిట్ తనకు తెలిసిన ఫైళ్ల పట్టికను ఇండెక్స్ అనే ఫైల్లో పెడుతుంది. అందులో ప్రతి ఫైలుకూ సమయం, సైజు రాసి ఉంటాయి. ఒక ఫైలు మార్పు సమయం, ఇండెక్స్ ఫైలును రాసిన సమయం కంటే పాతదైతే ఆ గుర్తులను నమ్మవచ్చు. రెండూ ఒకటే అయినా, ఫైలుది తర్వాతి సమయమైనా, ఆ ఫైలు ఇండెక్స్ రాశాక కూడా మారి ఉండవచ్చు. అలాంటివాటిని గిట్ నమ్మదు, తెరిచి లోపలి రాతను పోల్చుకుంటుంది. రొయ్యల ధర ఫైలు సరిగ్గా ఈ వలలో పడుతుంది.

అక్కడితో అయిపోలేదు. కాసేపటికి వేరే పని మీద ఇండెక్స్‌ను మళ్లీ రాయవలసి వస్తుంది. అప్పుడు ఇండెక్స్‌కు కొత్త సమయం పడుతుంది. దాని పక్కన ధర ఫైలు పాతదిగా, నమ్మదగినదిగా కనిపించడం మొదలవుతుంది. అనుమానం చెరిగిపోతుంది, 240 మళ్లీ మాయం. దీనికి గిట్ వేసిన ఎత్తు చిన్నది, గట్టిది. ఇండెక్స్‌ను తిరగ రాసే ముందు అనుమానాస్పదమైన ఫైళ్లను ఒకసారి చదివి చూస్తుంది. నిజంగా మారినట్టు తేలితే పట్టికలో దాని సైజును సున్నా అని రాసేస్తుంది. తర్వాత ఎప్పుడు చూసినా సైజు కుదరదు కాబట్టి మార్పు బయటపడక తప్పదు. తనకు తెలియనిది తెలియదని పట్టికలోనే రాసిపెట్టుకోవడం ఇది. అదే 2005లో పుట్టిన మెర్క్యూరియల్‌ది కూడా ఇదే బుద్ధి: ఫైలు సమయం ప్రస్తుత సమయంతో సమానమైతే ఆ సమయాన్ని పట్టికలో ఎక్కించదు, ఖాళీ వదిలి తర్వాత చదివి తేలుస్తుంది.

‘వస్తువులు’, అంటే గిట్ లోపల దాచే పాఠాల దగ్గర గిట్‌కు పుట్టుకతోనే ఒక అదృష్టం ఉంది. దాచే ప్రతి పాఠానికీ దాని లోపలి రాతను బట్టి లెక్కగట్టిన హాషే పేరు. ఇద్దరు ఒకే క్షణంలో ఒకే పేరుతో రాస్తున్నారంటే ఇద్దరూ రాసేది ఒకటే. ఎవరు గెలిచినా నష్టం లేదు. అసలు పోటీ బ్రాంచిల దగ్గరే. బ్రాంచి అంటే ఒక పేరు, దాని ఎదురుగా ఒక హాషు. దాన్ని మార్చాలంటే గిట్ తాళం ఫైలు వేసి, నేను చూసినప్పటి విలువే ఇంకా ఉందా అని తాళం లోపల మరోసారి సరిచూసి, అప్పుడు పేరు మారుస్తుంది. విలువ మారి ఉంటే, ఉండాల్సింది ఇది, ఉన్నది అది అని చెప్పి ఆగిపోతుంది. తాళం వేశాక మళ్లీ చూడటమే ఇక్కడ కీలకం. తాళానికి ముందు చూసినదానికి విలువ లేదు.

ఇక ఇండెక్స్ తాళం. మన ఇంజనీరింగు విద్యార్థులకు గిట్‌తో మొదటి గొడవ బహుశా ఇదే. మరో గిట్ ప్రక్రియ నడుస్తున్నట్టుంది, ఇండెక్స్ తాళం ఫైలు ఇప్పటికే ఉంది అని తెర మీద వస్తుంది. చాలామంది వెంటనే ఆ ఫైలును డిలీట్ చేస్తారు, పని నడుస్తుంది, సంతోషిస్తారు. నిజంగానే వేరే గిట్ నడుస్తుంటే ఆ డిలీట్ రెండు కలాలను ఒకే పట్టిక మీద పెట్టినట్టు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపాను రోజుల్లో, కమిట్ మధ్యలో కరెంటు పోయి కంప్యూటరు ఆరిపోతే తాళం ఫైలు అనాథగా మిగిలిపోతుంది. అప్పుడు తీసేయడమే సరైన పని. రెండు సందర్భాలనూ వేరు చేసే సమాచారం ఆ ఫైల్లో ఉండదు. మెర్క్యూరియల్ ఈ విషయంలో ముందుచూపు చూపింది: యూనిక్స్ మీద దాని తాళం ఒక సింబాలిక్ లింకు (వేరే చోటును చూపే ఫైలు), ఆ లింకు చూపేది యంత్రం పేరు, ప్రక్రియ సంఖ్య. ఆ సంఖ్యగల ప్రక్రియ బతికి లేకపోతే తాళం చచ్చినట్టేనని తనే తేల్చుకుంటుంది.

కరెంటు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. పేరు మార్పు ఒక్క క్షణంలో జరుగుతుందన్న హామీ నడుస్తున్న యంత్రం వరకే. పేరు మారి, లోపలి రాత ఇంకా డిస్కుకు చేరకముందే కరెంటు పోతే లేచాక ఖాళీ ఫైలు మిగలవచ్చు. 2009లో లైనక్స్ ఎక్స్‌ట్4 ఫైలు వ్యవస్థ మీద ఈ రచ్చ పెద్దదైంది. రాసింది డిస్కుకు చేర్చు అని అడగడానికి ఎఫ్‌సింక్ అనే పిలుపు ఉంది, అది నెమ్మది. గిట్ 2022లో 2.36 వెర్షన్‌తో ఏయే ఫైళ్లకు ఎఫ్‌సింక్ చేయాలో విడివిడిగా ఎంచుకునే వీలిచ్చింది.

ఎడిటర్లు తెచ్చిన పోటీ ఇంకో రకం. మనం టైపు చేస్తుండగానే ఎడిటరు వెనకాల గిట్ స్టేటస్ నడుపుతూ ఉంటుంది. స్టేటస్ చూడటానికే అయినా, చూసిన గుర్తులను ఇండెక్స్‌లో తాజా చేయడానికి తాళం వేస్తుంది. అదే క్షణంలో మనం కమిట్ కొడితే తాళం పడి ఉందని తిట్టు మనకే. 2017లో గిట్ 2.15 దీనికి ఒక ఐచ్ఛికం తెచ్చింది: తప్పనిసరి కాని తాళాల జోలికి పోకుండా స్టేటస్ చూడమని ఎడిటరు చెప్పవచ్చు. ఎడిటర్లు రాసేవాళ్లు అది వాడారా లేదా అన్న దాని మీదే మన ప్రశాంతత ఆధారపడింది.

విండోస్‌ది వేరే లోకం. ఒక ఫైలును వేరే ప్రోగ్రాము తెరిచి ఉంచితే, ఆ తెరిచిన తీరును బట్టి, దాని పేరు మార్చడానికి గానీ తీసేయడానికి గానీ విండోస్ ఒప్పుకోకపోవచ్చు. కొత్త ఫైలు పుట్టగానే యాంటీవైరస్ తెరిచి చూస్తుంది. ఆ రెప్పపాటులో గిట్ పేరు మార్చబోతే కుదరదు. గిట్ ఫర్ విండోస్ కొన్ని మిల్లీసెకన్లు ఆగి, అంతకంతకూ ఎక్కువ ఆగి, కొన్నిసార్లు ప్రయత్నించి, చివరికి మళ్లీ ప్రయత్నించమంటారా అని మనిషినే అడుగుతుంది. మూడో దారి ఇక్కడ తప్పదు. పోటీదారు మన మాట వినే ప్రోగ్రాము కాదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ప్రమాదాలు. సందును కావాలని వాడుకునేవాళ్లు కూడా ఉన్నారు. 2021 మార్చిలో సీవీఈ-2021-21300 పేరుతో బయటపడిన లోపం చూడండి. గిట్ ఫైళ్లను బయటికి తీసేటప్పుడు ప్రతి ఫోల్డరునూ పదే పదే సరిచూడకుండా, చూసినవాటిని గుర్తుపెట్టుకుంటుంది. విండోస్, మ్యాక్ ఫైలు వ్యవస్థల్లో పెద్దబడి, చిన్నబడి ఆంగ్ల అక్షరాలకు మామూలుగా తేడా ఉండదు. దుర్మార్గుడు ఒక రిపోజిటరీలో ఒక పేరుతో ఫోల్డరు, అదే పేరును వేరే బడిలో రాసి ఒక సింబాలిక్ లింకు పెట్టాడనుకోండి. గిట్ మొదట ఫోల్డరును చూసి మంచిదే అని గుర్తుపెట్టుకుంది. తర్వాత ఆ చోటికి లింకు వచ్చి కూర్చుంది. కొన్ని ఫైళ్లను ఆలస్యంగా తీసే ఫిల్టర్లు, అంటే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ లాంటివి, ఉంటే, ఆ ఫైళ్ల వంతు వచ్చేసరికి గిట్ పాత జ్ఞాపకాన్ని నమ్మి లింకు చూపిన చోట, అంటే తన సొంత ఫోల్డరులోనే, రాసేది. అక్కడ పడిన ఫైలు క్లోన్ చేస్తుండగానే ప్రోగ్రాముగా నడిచేది. 2.30.2లో మందు వేశారు. మూడేళ్ల తర్వాత, 2024 మేలో, రిపోజిటరీ లోపల పెట్టే రిపోజిటరీలైన సబ్‌మాడ్యూళ్ల దారిలో సీవీఈ-2024-32002గా అలాంటిదే మళ్లీ వచ్చింది, 2.45.1లో దాన్నీ పూడ్చారు. ఒకటి పూడిస్తే ఇంకోటి తెరుచుకోవడానికి కారణం బిషప్, డిల్గర్ చెప్పిందే: పేరుతో పిలవడం. 2020లో లైనక్స్ 5.6తో వచ్చిన ఓపెన్‌యాట్2 అనే పిలుపు, ఈ ఫోల్డరు దాటి బయటికి పోవద్దు, లింకుల వెంట నడవద్దు అని తెరిచే క్షణంలోనే కెర్నల్‌కు చెప్పనిస్తుంది. మందు అక్కడుంది. అన్ని యంత్రాల మీదా నడవాల్సిన గిట్‌కు లైనక్స్ మందు ఒక్కటే సరిపోదు.

ఇలాంటి తప్పులు పరీక్షల్లో ఎందుకు దొరకవు? అన్నీ కలిసొచ్చిన క్షణంలో తప్ప కనపడవు కాబట్టి. మన తీరానికి బాగా తెలిసిన సాఫ్ట్‌వేర్ తప్పు ఒకటుంది. 1993 సెప్టెంబరు 20న, అప్పటి నెల్లూరు జిల్లా శ్రీహరికోట నుంచి లేచిన తొలి పీఎస్‌ఎల్‌వీ ఉపగ్రహంతో సహా బంగాళాఖాతంలో పడింది. రెండో దశ విడిపోయేటప్పుడు అనుకోని కుదుపు వచ్చింది. ఆ కుదుపును సరిదిద్దే ఆదేశం గరిష్ఠ పరిమితి దాటినప్పుడు మాత్రమే బయటపడే పొరపాటు ఒకటి పిచ్ నియంత్రణ సాఫ్ట్‌వేర్లో దాగి ఉంది. అది రేస్ కండిషన్ కాదు. రెండింటికీ పోలిక దాక్కునే తీరులోనే: అరుదైన స్థితిని చేతులారా కల్పిస్తే తప్ప పరీక్షకు దొరకదు. గిట్ తన పరీక్షల్లో చేసేది ఆ కల్పనే. సెకను గుర్తుల చిక్కుకు ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉంది. పాత టెక్స్ట్ ఆటల్లోంచి ఐదేసి అక్షరాల మంత్రాలు రెండు తీసుకుని, ఒకటి రాసి, ఇండెక్స్‌లో చేర్చి, వెంటనే రెండోది రాసి, గిట్ మార్పును పట్టిందో లేదో చూస్తుంది. ఒకసారి చేస్తే అదృష్టవశాత్తూ తప్పించుకోవచ్చని వరుసగా కొన్నిసార్లు చేస్తుంది.

వీటన్నిటి తర్వాత కూడా మిగిలిన సందులున్నాయి. పనికిరాని వస్తువులను ఊడ్చేసే గిట్ జీసీ ఒక వస్తువును ఎవరికీ అక్కర్లేనిదిగా లెక్కగట్టిన క్షణంలోనే, పక్కన ఇంకో ప్రక్రియ దాన్ని వాడుకుంటూ కొత్త కమిట్ కడుతుండవచ్చు. దీనికి గిట్ చేసిందల్లా రెండు వారాలు దాటినవాటినే తీసేయడం. 2022లో 2.37తో వచ్చిన క్రఫ్ట్ ప్యాకులు ఆ పాత వస్తువుల వయసును ఒకచోట లెక్కగా ఉంచి పని తేలిక చేశాయి, పోటీని తీసేయలేదు. మనం దిద్దుకునే మామూలు ఫైళ్లకైతే తాళమే లేదు. ఎడిటరు సేవ్ చేస్తుండగా గిట్ యాడ్ కొడితే, హాషు లెక్కగట్టేటప్పుడు చదివింది ఒకటి, కుదించి రాసేటప్పుడు చదివింది ఇంకొకటి కావచ్చు. 2010 నుంచి గిట్ రాస్తూ రాస్తూ హాషును మళ్లీ లెక్కగడుతోంది. రెండూ కలవకపోతే మూలం నిలకడగా లేదని చెప్పి చేతులెత్తేస్తుంది. రాస్తున్న చేతిని ఆపలేదు గానీ, తప్పు పాఠాన్ని లోపలికి రానివ్వదు.

రిపోజిటరీని డ్రాప్‌బాక్సులోనో వన్‌డ్రైవులోనో పెట్టుకునేవాళ్లకు ఈ రక్షణలేవీ పనిచేయవు. ఒక యంత్రం మీద వేసిన తాళం రెండో యంత్రానికి చేరేసరికి అక్కడ పని జరిగిపోయి ఉంటుంది. గూగుల్‌లో పనిచేస్తూ మార్టిన్ వాన్ జ్వైగ్‌బెర్గ్ 2019లో సరదాగా మొదలుపెట్టిన జుజుట్సు అనే వెర్షన్ కంట్రోల్ సాధనం ఈ చోటే వేరే దారి పట్టింది. ప్రతి పనినీ ఒక వరుసలో నమోదు చేస్తుంది. ఇద్దరు ఒకేసారి పనిచేస్తే వరుస రెండు పాయలవుతుంది, తర్వాతి కమాండు ఆ పాయలను కలుపుతుంది. ఒకే బ్రాంచి రెండు చోట్లకు పోతే దాన్ని ఘర్షణగా చూపించి మనిషికి వదిలేస్తుంది.

గిట్ వైపు కదలిక ఇంకోలా ఉంది. షాన్ పియర్స్ ముందుగా జావా గిట్ కోసం తలపెట్టిన రెఫ్‌టేబుల్, 2024లో 2.45తో అసలు గిట్‌లోకి వచ్చింది. బ్రాంచికొక ఫైలు, ఫైలుకొక తాళం అనే పాత పద్ధతి పోయి, అన్ని బ్రాంచిల మార్పులూ ఒక కొత్త పట్టికగా రాసి, పట్టికల జాబితా ఫైలును ఒక్క పేరు మార్పుతో సరిచేస్తారు. పెద్దబడి చిన్నబడి పేర్ల తగాదా కూడా బ్రాంచిల వరకూ దీంతో తీరుతుంది. గిట్ 3.0లో కొత్త రిపోజిటరీలన్నిటికీ దీన్నే మామూలు చేస్తామని ప్రాజెక్టు తన మార్పుల పత్రంలో రాసుకుంది. ఇండెక్స్ తాళం మాత్రం అలాగే ఉంటుంది.